బొటనవేలికి దొరకని చోటు

రఫూ అక్క దగ్గరికి బట్టలు తెచ్చేవాళ్ళు ఒక వింత చూసేవారు. పని పూర్తయ్యాక ఆవిడ బట్టను ఒళ్ళో పరుచుకుని కళ్ళు మూసుకునేది. కుడిచేతి బొటనవేలిని దాని మీద నెమ్మదిగా నడిపించేది. చిరుగు ఎక్కడ ఉండేదో ఆ వేలు వెతికేది. పట్టుకుందా, ఆ పని పనికిరానిదన్నమాట. పల్లెత్తు మాట అనకుండా కత్తెర తీసుకుని, గంటల తరబడి అల్లినదంతా విప్పేసి మళ్ళీ మొదలుపెట్టేది. వేలికి దొరకనప్పుడే బట్ట గుమ్మం దాటేది. కళ్ళతో చూసి సరేననుకునే రఫూవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళు మంట.

"కళ్ళకేం, అవి మొహమాటపడతాయి. వేలికి మొహమాటం తెలీదు" అనేది.

రఫూ అంటే అతుకు వేయడం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాదు మహాప్రభో! అతుకులు వేసేవాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. రఫూ అంటే చిరిగిన చోట బట్టను మళ్ళీ నేయడం. అదే బట్ట లోపలి మడతలోంచి దారపు పోగులు లాగి, ముందు నిలువుగా పడుగు పరచి, తర్వాత అడ్డంగా ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి పేక నడపాలి. ఎక్కడా ముడి వేయకూడదు. ఈ విద్య ఆవిడకు మేనత్త నేర్పింది. పద్నాలుగేళ్ళ పిల్ల కళ్ళకు రుమాలు కట్టి, ఇరవై గుడ్డముక్కలు ముందు పడేసి, "ఏది ఉన్నియో, ఏది నూలో, ఏది రెండూ కలిసిందో చెప్పవే, అప్పుడు అన్నం పెడతాను" అనేదట. ఆ పూట అన్నం చల్లారిపోయేది గాని, మేనత్త మనసు మాత్రం కరిగేది కాదు.

కొట్టుకు రెండు గదులు. ముందు గదిలో భర్త కుట్టుమిషను, వెనక గదిలో కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. టైలరుగారి నోరూ మిషనూ ఒకేసారి నడిచేవి. ఏ ఒక్కటి ఆగినా ఏమైందోనని పక్క కొట్టువాళ్ళు తొంగిచూసేవారు. ముప్పై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఎవరైనా కదిపితే టైలరు "మాకు రోజుకు పదిమంది పిల్లలండీ, అందరూ చిరుగులతోనే వస్తారు" అని నవ్వించి పంపేసేవాడు.

యాభై రెండో ఏట ఒకరోజు స్నానం చేస్తుండగా ఆవిడ బొటనవేలు ఎడమ రొమ్ము మీద ఒక చోట ఆగింది. బఠాణీ గింజంత గట్టిది, లోపలెక్కడో ఉంది. ఇంకొకరైతే ఆరు నెలలు పట్టించుకునేవారు కాదు. ఈవిడకు వేలు ఆగిందంటే ఆగినట్టే. మర్నాడే ఆసుపత్రికి వెళ్ళింది. పరీక్షలయ్యాక డాక్టరమ్మ "ఇంత చిన్నగా ఉండగా ఎలా కనిపెట్టారండీ? అదృష్టవంతులు" అంది.

"అదృష్టం కాదమ్మా, మా మేనత్త" అంది రఫూ అక్క.

ఆపరేషను చేశారు. తర్వాత వారానికి ఒకసారి చొప్పున పన్నెండు వారాలు నరంలోకి మందు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయింది. టైలరు తన బట్టతల నిమురుకుంటూ "ఇన్నాళ్ళకు నాకు తోడు దొరికావోయ్" అన్నాడు. ఆవిడ నవ్వింది, అతను గుమ్మం అవతలికి వెళ్ళి ముక్కు చీదుకున్నాడు. ఎనిమిదో వారానికి కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి, ఆ తర్వాత చేతివేళ్ళు. నర్సమ్మ ప్రతి వారమూ అడిగేది: "జాకెట్టు గుండీలు పెట్టుకోగలుగుతున్నారా? వేళ్ళు మొద్దుబారుతున్నాయా?" గుండీలు పెట్టుకోగలుగుతున్నాననే చెప్పింది ఆవిడ. అది అబద్ధమూ కాదు. గుండీని కళ్ళతో చూస్తూ పెట్టుకునేది. కళ్ళే ఆ పని చేస్తున్నాయన్న సంగతి ఆవిడకే తట్టలేదు. తట్టినా, మందు ఆపేస్తారేమోనన్న భయం ఒకటి లోపల ఉండనే ఉంది.

పన్నెండు వారాలూ గడిచాయి. గండం గట్టెక్కిందన్నారు. మరో రెండు నెలలకు పిలకలంత జుట్టు మొలిచింది. అప్పుడు వచ్చాడు వయొలిన్ మాస్టారు, తన నల్ల ఉన్ని కోటు చేత పట్టుకుని. ఎడమ భుజం దగ్గర, వయొలిన్ ఆనే చోట, బట్ట అరిగి చిల్లు పడింది. కచేరీకి ఎక్కినప్పుడల్లా నలభై ఏళ్ళుగా ఆయన తొడుక్కునేది ఆ కోటే.

"మీరు లేచి తిరుగుతున్నారని తెలిసి తెచ్చానమ్మా. ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు" అన్నాడు.

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. రోజంతా కిటికీ పక్కనే కూర్చుంది. సూది రెండు మూడుసార్లు జారిపడితే, అలవాటు తప్పింది కదా అనుకుంది. సాయంత్రానికి పని అయింది. కోటు ఒళ్ళో పరుచుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలిని నడిపించింది. నున్నగా వెళ్ళిపోయింది. మళ్ళీ నడిపించింది. ఎక్కడా ఏమీ లేదు! మొదటి ప్రయత్నానికే ఇంత నున్నగా రావడం ముప్పై ఏళ్ళలో ఎన్నడూ లేదు.

"ఏమండీ! ఇటు రండి! చెయ్యి ఎక్కడికీ పోలేదండీ, నా చెయ్యి నా దగ్గరే ఉంది!" అని కేకేసింది.

టైలరు వచ్చి కోటు చూశాడు. భార్య మొహం చూశాడు. "బాగుంది" అన్నాడు. ఆ రోజంతా అతని నోరు ఎందుకో నడవలేదు.

మూడో రోజు మాస్టారు కోటు పట్టుకుని తిరిగొచ్చాడు. కోప్పడి ఉంటే బాగుండేది. పోట్లాడి ఉన్నా బాగుండేది. ఆయన భుజం దగ్గర వేలు పెట్టి, చాలా నెమ్మదిగా "ఇది మీరే చేశారా అమ్మా?" అని అడిగాడు. తీగల మీద నలభై ఏళ్ళు అరిగి కాయలు కాసిన వేలు అది. దానికి కూడా తగిలింది.

ఆవిడ కోటును వెలుగులో పెట్టి చూసింది. పోగులు ఒకచోట కుక్కుకుపోయి గట్టులా లేచాయి. ఇంకోచోట పేక రెండు వరసలు దాటేసింది. ఛీ, పద్నాలుగేళ్ళప్పుడైనా ఇంత అధ్వాన్నంగా చేసి ఎరగదు. కళ్ళు మూసుకుని బొటనవేలు పెట్టింది. నున్నగా ఉంది. కళ్ళు తెరిచింది. గట్టు. మళ్ళీ మూసుకుంది. నున్నన. అప్పుడు లేచి గోడ మీద వేలు రాసింది, ఇస్త్రీ బల్ల మీద రాసింది, రెండు రోజుల గడ్డంతో నిలబడి ఉన్న మొగుడి చెంప మీద రాసింది. అన్నీ ఒకటే నున్నన.

"ఆ రోజు మీకు కనబడలేదా?" అని అడిగింది.

"కనబడింది" అన్నాడు టైలరు తల దించుకుని. "నీ మొహం వెలిగిపోతుంటే నోరు రాలేదు."

మాస్టారు కోటు వెనక్కి తీసుకోలేదు. "ఇక్కడే ఉంచండి. మీ చెయ్యి తిరిగొచ్చాకే చేయండి" అన్నాడు.

"రాకపోతేనో, మాస్టారూ?"

"నాకు తొందరేముందమ్మా. నేనూ ముసలాణ్ణే, అదీ ముసలిదే."

కోటు కిటికీ పక్క మేకుకు ఎక్కింది. రఫూ పని ఆగిపోయింది. టైలరు ఆవిడకు గుండీలు ఏరి రంగులవారీగా డబ్బాల్లో వేసే పని అప్పజెప్పాడు. చూసి చేసే పని. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట: "ప్రాణం దక్కింది కదా అక్కా, వేలిదేముంది!" ఆవిడకు ఒళ్ళు మండిపోయేది గాని పైకి తల ఊపేది. ప్రాణం దక్కింది, ఎవరు కాదన్నారు? కాని ఆ ప్రాణం ఇన్నాళ్ళూ ఆ వేలి కొసనే కదా కాపురం ఉన్నది! ఉన్నిని ముట్టుకుంటే పొద్దున్న పూట ఒకలా, వాన పడుతున్నప్పుడు ఒకలా ఉండేది. ఉతికిన నూలుకూ ఉతకని నూలుకూ మధ్య ఉండే ఆ చిన్న గరుకుతనం కోసం, కేవలం ఆ గరుకుతనం కోసం ఆవిడ మనసు కొట్టుకుపోయేది. సాయంత్రాలు ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నప్పుడు టైలరు చెయ్యి పట్టుకునేవాడు. పట్టుకున్నాడని ఆవిడకు కళ్ళు చెప్పాలి. ముప్పై ఏళ్ళ మొగుడు పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకుంటే, అతని మీద బెంగ పెట్టుకోవాల్సి రావడం ఎంత అన్యాయం!

పై వాటాలో ఒక అమ్మాయి అద్దెకుండేది. పరిశోధనశాలలో మైక్రోస్కోపు ముందు కూర్చుని కణాలు చూడడం ఆమె ఉద్యోగం. తెల్లకోటు జేబు చిరిగిందని ఒక ఆదివారం కిందికి వచ్చింది.

"రఫూ చెయ్యను తల్లీ, మా ఆయన మిషను మీద కుట్టేస్తాడు" అంది ఆవిడ. ఎందుకు చెయ్యరంటే సంగతంతా చెప్పింది. అమ్మాయి ఆసుపత్రి కాగితాలు అడిగి తీసుకుని మందు పేరు చదివింది.

"అయ్యో పిన్నీ, నా బల్ల మీద రోజూ ఉండే మందే ఇది! ఇది దేని మీద పనిచేస్తుందో మీరు చూస్తారా? ఇవాళ ల్యాబు ఖాళీ."

అలా రఫూ అక్క జీవితంలో మొదటిసారి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. గదిలో దీపాలు ఆర్పేశారు. పక్కనున్న తెర మీద ఒక కణం కనిపించింది. మధ్యలో నల్లటి గుండ్రం, దాని పక్క నుంచి అంచుల దాకా నాలుగు వైపులా పరుచుకున్న సన్నటి ఆకుపచ్చ పోగులు.

"ఎవరమ్మాయ్ దీన్ని నేసింది?" అంది ఆవిడ నోరు తెరిచి.

"ఎవరూ నేయలేదు పిన్నీ, అదే నేసుకుంటుంది. వీటిని మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. పోగుల్లా కనబడుతున్నాయి గాని లోపల బోలు, సన్నటి గొట్టాలు. చిన్న చిన్న ప్రోటీను ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే గొట్టం అవుతుంది. ఇప్పుడు కదిలే బొమ్మ చూడండి."

గొట్టాలు మెల్లగా పొడుగయ్యాయి. ఉన్నట్టుండి ఒకటి కొస నుంచి గబగబా ఊడిపోయి మొదటికి వచ్చేసింది. మళ్ళీ ఇంకో దిక్కుకు పెరగడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, విప్పేస్తోందే!"

"విప్పకపోతే బతకదు. ఇవి వెతుకుతుంటాయి పిన్నీ. ఒక వైపు పెరుగుతాయి, అక్కడ ఏమీ దొరక్కపోతే విప్పుకుని ఇంకో వైపు వెళతాయి. ఒక కణం రెండు కావాలంటే లోపలున్న జన్యువుల మూటను సరిసమానంగా పంచాలి. ఈ గొట్టాలే రెండు పక్కల నుంచీ వచ్చి, వెతికి పట్టుకుని, చెరో వైపు లాగుతాయి. మీకిచ్చిన మందు ఏం చేస్తుందంటే, వెళ్ళి గొట్టానికి అతుక్కుంటుంది. విప్పుకోనివ్వదు. క్యాన్సరు కణం ఊరికే రెండవుతూ ఉండాలనుకుంటుంది కదా, అది మధ్యలో ఇరుక్కుపోయి చస్తుంది."

రఫూ అక్క తెర దగ్గరికి వంగి ఊడిపోతున్న గొట్టాన్నే చూసింది. తర్వాత "విప్పడం చేతకాని రఫూవాడి పనిలాగే అన్నమాట. ఉండకట్టి పాడైపోతుంది" అంది.

"అంతే! ఇంత బాగా మా సారు కూడా చెప్పలేదు."

"మరి నా వేలేం చేసిందమ్మా? అదేమీ రెండు కావాలనుకోలేదే?"

అమ్మాయి నవ్వబోయి ఆగింది. ఆవిడ చెయ్యి తీసుకుని, మెడ వెనక వెన్ను పక్క నుంచి భుజం మీదుగా బొటనవేలి కొస దాకా తన వేలితో ఒక గీత గీసింది. ఆవిడకు మణికట్టు దాకా తెలిసింది, ఆ తర్వాత తెలియలేదు.

"స్పర్శ తెలిపే నరం కణం వెన్ను పక్కన ఉంటుంది. దాని పోగు ఒక్కటే ఇక్కడి నుంచి వేలి దాకా వస్తుంది. కొసకు కావాల్సిన సరుకులు చాలావరకు అక్కడ తయారై ఇక్కడికి రావాలి. వచ్చే దారి ఏమిటనుకున్నారు? ఈ గొట్టాలే. వాటి మీద చిన్న కూలీల్లాంటి ప్రోటీనులు మూటలెత్తుకుని అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తాయి. మందు ఆ దారిని కూడా పాడుచేసింది. దారి చెడితే అన్నిటికంటే దూరంగా ఉన్న ఊరికే కదా ముందు సరుకు అందనిది? కాలివేళ్ళు, చేతివేళ్ళు."

ఆవిడ తన బొటనవేలిని చూసుకుంది. ఇన్నాళ్ళూ దాని మీద కోపంగా ఉండేది, ముప్పై ఏళ్ళ స్నేహం మరిచి అబద్ధం చెప్పిందని. పాపం, దానికి తిండి అందలేదన్నమాట. గడ్డను కనిపెట్టి ప్రాణం నిలబెట్టిన వేలే ఆ గడ్డ మందుకు మాడిపోయింది.

"నువ్వెందుకమ్మా ఈ పనిలో చేరావు?" అని అడిగింది.

అమ్మాయి ఇంకో బొమ్మ తెర మీద పెట్టింది. అందులో ఆకుపచ్చ పోగులు తెగి చెల్లాచెదురుగా ఉన్నాయి. పక్కన ఎర్రటి చిక్కుముళ్ళు. "మెదడు కణాల్లో ఈ గొట్టాలను పట్టి ఉంచడానికి టావ్ అని ఒక ప్రోటీను ఉంటుంది. కొన్ని మతిమరుపు జబ్బుల్లో అది గొట్టాల మీద నుంచి ఊడిపోయి, తనలో తనే ఇలా చిక్కుపడుతుంది. మా అమ్మమ్మకు అదే వచ్చింది. నన్ను పెంచింది ఆవిడే పిన్నీ. చివర్లో ఒకరోజు అన్నం కలిపి పెడుతుంటే నా వైపు తిరిగి 'మీరెవరండీ, చాలా మంచివారు' అంది. ఎంతో మర్యాదగా." లేచి దీపం వేసింది. "ఆవిడ నన్ను 'ఏమే' అంటే వినాలని ఇప్పటికీ ఉంటుంది."

బయలుదేరేముందు రఫూ అక్క అసలు ప్రశ్న అడిగింది. "నాది తిరిగొస్తుందా?"

"మిమ్మల్ని మభ్యపెట్టను పిన్నీ. కొందరికి వస్తుంది, కొందరికి సగమే వస్తుంది, కొందరికి రాదు. లోపలి కణం బతికుంటే కొసలు మళ్ళీ పెరగొచ్చు. నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు. తిరిగి తెప్పించే మందు మాత్రం ఇంకా లేదు."

ఆ తర్వాతి నెల నుంచి ఆవిడ ఒక నియమం పెట్టుకుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే మేకు మీది కోటు దింపి, ఒళ్ళో పరుచుకుని, కళ్ళు మూసుకుని, భుజం దగ్గర బొటనవేలిని నడిపించేది. తను చేసిన ఆ పాడుపని వేలికి తగలాలి. తగిలిన రోజు విప్పుతుంది. అంతకుముందు విప్పకూడదని ఒట్టు. కళ్ళు తెరిచి మాత్రం ఆ చోటు వైపు చూసేది కాదు, ఆ వైపు లోపలికి తిప్పి మేకుకు తగిలించేసేది. ముందు గదికీ వెనక గదికీ మధ్య గుమ్మంలో టైలరు నిలబడి ఉండేవాడు. "లేదు" అనేది ఆవిడ. అతను వెళ్ళి మిషను తొక్కేవాడు. ఒక నెల లేదు. ఆరు నెలలు లేదు. పది నెలలు లేదు. మాస్టారు మాత్రం దారిన పోతూ కిటికీలోంచి కోటును పలకరించి పోయేవాడు.

పద్నాలుగో నెల ఆదివారం వేలు ఆగింది.

ఆవిడ ఊపిరి బిగపట్టి వెనక్కి జరిపి మళ్ళీ నడిపించింది. మళ్ళీ అక్కడే ఆగింది. చిన్నది, గట్టిది.

"దొరికింది! ఏమండోయ్, దొరికింది! నా తప్పు నాకు దొరికింది!"

టైలరు పరుగున వచ్చాడు. ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ కత్తెర అందుకుని, ఏడాది తర్వాత మొదటిసారి ఆ చోటును కళ్ళతో చూసింది. చూసి అలాగే ఉండిపోయింది. గట్టు పక్కన, నల్ల బట్ట మీద నల్ల దారంతో, ఆవగింజంత ముడి. రఫూలో ముడి ఉండదు. అది టైలరు వేసే ముడి.

"ఇదేమిటి?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఇదేమిటని అడుగుతున్నాను!"

"నెలనెలా నువ్వు లేదు, లేదు అంటుంటే చూడలేకపోయాను. ఒక్కసారి తగిలితే కాస్త సంతోషపడతావని..."

"సిగ్గులేదూ మీకు? నా వేలికి మొహమాటం లేదని ఊరంతా చెప్పుకున్నాను. దానికి లంచం పెడతారా? పద్నాలుగు నెలలు ఎదురుచూసింది మీ ముడి కోసమా?" కోటు విసిరికొట్టబోయింది. మాస్టారి కోటని గుర్తొచ్చి ఆగింది. "ఎప్పుడు వేశారు? రాత్రా? పొద్దున నేను లేవకముందా?"

"నిన్నా ఇవాళా కాదోయ్" అన్నాడు టైలరు తప్పుచేసిన మొహంతో. "మూడు నెలల కిందట వేశాను."

"ఎన్ని నెలలు?"

"మూడు. పోయిన నెల నీ వేలు దాని మీద నుంచే వెళ్ళింది. అంతకుముందు నెలా అంతే. ఇక్కడే నిలబడి చూశాను. నువ్వు లేదన్నావు. ఇవాళే దొరికిందన్నావు."

ఆవిడ కోటు ఒళ్ళోకి తీసుకుంది. ముడిని కత్తెర మొనతో జాగ్రత్తగా తెంపి తీసేసింది. కళ్ళు మూసుకుని తను చేసిన గట్టు మీద బొటనవేలిని నడిపించింది, ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి. నున్నగానే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అదింకా లేదు" అంది.

టైలరు వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే కోటును అతని చేతిలో పెట్టింది, దాని మీద సూది పెట్టింది.

"ఇంకో ముడి వేయండి. ఈసారి దానికంటే చిన్నది."